వంద రూపాయల కోత

(టంగుటూరి అంజయ్య గారి స్మృతిలో సికిందరాబాదులో చేసిన ఉపన్యాసం)



అంజయ్య గారి పేరు మీద మాట్లాడమని అడగగానే నాకు మొదట గుర్తొచ్చింది ఆరణాలు. ఆల్విన్ ఫ్యాక్టరీలో రోజుకు ఆరణాల కూలికి పనిచేసిన మనిషి ఆయన. కార్మిక సంఘాల్లో ఎదిగారు. 1980 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. 1984 డిసెంబరు ఎన్నికల్లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో తెలుగుదేశం 30 గెలిచింది, కాంగ్రెసుకు ఆరే దక్కాయి. ఆ ఆరింటిలో మన సికిందరాబాదు ఒకటి, గెలిచింది అంజయ్య గారు. కేంద్రంలో కార్మిక శాఖ సహాయ మంత్రిగా పనిచేశారు. 1986 అక్టోబరు 19న కన్నుమూశారు. ఆ తర్వాత ఆయన సతీమణి మణెమ్మ గారిని ఈ నియోజకవర్గమే లోక్‌సభకు పంపింది.

ఆరణాలకు చెమటోడ్చిన మనిషి దేశం మొత్తం ఖజానా పద్దుల మీద ఓటు వేసే చోటికి చేరుకున్నాడు. ఆ ఓటు విలువ ఎంతో, దాన్ని మనం ఎంత తక్కువగా వాడుకుంటున్నామో చెప్పడమే ఈ సాయంత్రం నా పని. నేను రాజకీయాల్లో ఉన్నవాణ్ణి కాను. ముప్ఫై ఏళ్లకు పైగా ప్రభుత్వ లెక్కల తనిఖీ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. పుట్టి పెరిగింది లాలాగూడలో. 1893లో మొదలైన అక్కడి రైల్వే వర్క్‌షాపులో మా నాన్నగారు ఫిట్టరు. కాబట్టి లెక్కల మనిషిగా, ఈ ఊరి మనిషిగా మాట్లాడతాను.

మెట్టుగూడ చౌరస్తాలో నిలబడి ఎవరినైనా అడగండి, ఎంపీ పని ఏమిటని. పదిమందిలో ఎనిమిదిమంది చెప్పే జవాబు ఒకటే: "ఫండ్స్ ఇస్తడు." ఎంపీ ల్యాడ్స్ (ఎంపీల స్థానిక ప్రాంతాభివృద్ధి పథకం) అనే మాట మన బస్తీల్లో అంతగా స్థిరపడిపోయింది. ఆ పథకం కథ మనవాళ్లకు తెలిసి ఉండాలి. 1993 డిసెంబరు 23న అప్పటి ప్రధాని, మన పి.వి. నరసింహారావు గారు దాన్ని పార్లమెంటులో ప్రకటించారు. మొదటి ఏడాది ఒక్కో సభ్యుడికి 5 లక్షలు. 1994-95లో కోటి, 1998-99లో రెండు కోట్లు, 2011-12 నుంచి ఐదు కోట్లు. కోవిడ్ వచ్చినప్పుడు 2020 ఏప్రిల్లో ఆపేశారు, 2021 నవంబరులో మళ్లీ తెరిచారు. డబ్బు ఎంపీ చేతికి రాదు. ఫలానా పని చేయండని ఆయన సిఫార్సు చేస్తాడు, జిల్లా యంత్రాంగం మంజూరు చేసి చేయిస్తుంది. ఏడాదిలో ఖర్చు కాని సొమ్ము మురిగిపోదు, మరుసటి ఏడాదికి జమవుతుంది. 15 శాతం షెడ్యూల్డు కులాల వాడలకు, ఏడున్నర శాతం షెడ్యూల్డు తెగల ప్రాంతాలకు ఖర్చు చేయాలి.

ఈ పథకం మంచిదా చెడ్డదా అని పెద్దలు చాలాకాలం వాదించుకున్నారు. శాసనం చేసేవాడు, ప్రభుత్వాన్ని అడిగేవాడు తానే పనులు పంచితే ఇక ఎవరిని అడుగుతాడని జస్టిస్ వెంకటాచలయ్య రాజ్యాంగ సమీక్షా సంఘం, ఆ తర్వాత వీరప్ప మొయిలీ నాయకత్వంలోని పరిపాలనా సంస్కరణల సంఘం దీన్ని ఎత్తివేయమన్నాయి. సుప్రీంకోర్టు 2010లో ఇది రాజ్యాంగబద్ధమేనని తీర్పు చెప్పింది. నా వరకు, ఎత్తేయాలని అనను. ఈ నిధితో పడిన బోర్ల నీళ్లు తాగిన వాడలు ఉన్నాయి, ఈ నిధితో లేచిన తరగతి గదుల్లో చదువుకున్న పిల్లలు ఉన్నారు. కానీ లెక్కల మనిషిగా ఒక కూడిక చేసి మీ ముందు పెడతాను.

లోక్‌సభ, రాజ్యసభ కలిపి 788 మంది. తలా ఐదు కోట్లంటే ఏడాదికి 3,940 కోట్లు. 2025-26 కేంద్ర బడ్జెట్టు 50 లక్షల 65 వేల కోట్లు. అంటే కేంద్రం ఖర్చు పెట్టే ప్రతి వెయ్యి రూపాయల్లో ఎంపీ నిధుల వాటా 80 పైసలకు కూడా చేరదు. ఇంకోలా చూడండి. సికిందరాబాదు లోక్‌సభ స్థానంలో ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లున్నాయి: ముషీరాబాద్, అంబర్‌పేట్, ఖైరతాబాద్, జూబ్లీహిల్స్, సనత్‌నగర్, నాంపల్లి, సికింద్రాబాద్. 2024లో ఓటర్లు 21 లక్షల పైమాటే. ఐదు కోట్లను వాళ్లందరికీ పంచితే తలకు ఏడాదికి 24 రూపాయలు కూడా రావు. ఇరానీ హోటల్లో ఒక చాయ్ ఖరీదు. మిగిలిన 999 రూపాయల 20 పైసల సంగతి ఎవరు అడగాలి? దాని మీద ఓటు ఉన్నది కూడా ఆ ఎంపీకే.

ఆ 80 పైసల విషయంలోనూ ఒక చిక్కుంది. ఉద్యోగంలో ఉండగా ఒక బస్తీకి తనిఖీకి వెళ్లాను. ఊరి పేరు చెప్పను, అలాంటివి చాలా ఊళ్లలో ఉన్నాయి. కమ్యూనిటీ హాలు. గోడ మీద నల్లరాతి ఫలకం, దాని మీద ఎంపీ గారి పేరు, సంవత్సరం, ఖర్చయిన మొత్తం. తలుపుకి తాళం. తాళంచెవి ఎదురుగా ఉన్న కిరాణా దుకాణం అమ్మ దగ్గర ఉంది. ఆమె వచ్చి తెరిచింది. లోపల ఒక మూల ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి, వాటి మీద వేలు పెడితే దిగబడేంత దుమ్ము. పైన నాలుగు ఫ్యాన్లు. స్విచ్ వేస్తే తిరగలేదు. బిల్లు కట్టక కనెక్షన్ తీసేశారు. ఆమె అన్న మాట నా నోటు పుస్తకంలో రాసుకున్నాను: "హాలైతే కట్టిచ్చిండ్రు సారూ. కరెంటు బిల్లు ఎవరు కడతరు?"

నియమాల ప్రకారం ఆ నిధి నిలిచి ఉండే ఆస్తులకే. నెలనెలా అయ్యే ఖర్చుకు అందులోంచి పైసా ఇవ్వరు. హాలు కట్టవచ్చు, కాపలా మనిషికి జీతం ఇవ్వలేరు. తరగతి గది వేయవచ్చు, టీచరును వేయలేరు. టీచరు, నర్సు, మందులు, రైలు, పింఛను, ఇవన్నీ బడ్జెట్టు పద్దుల్లోంచి రావలసినవి. బతుకు నడిచేది వాటి మీదే.

ఫండ్స్ తర్వాత ఎంపీ అంటే మనకు తెలిసిన రెండో పని ఉత్తరం. మా అక్క వెల్లూరు ఆసుపత్రికి వెళ్లవలసి వచ్చినప్పుడు రిజర్వేషన్ దొరకలేదు. మా నాన్న అప్పటి ఎంపీ గారి ఇంటికి తెల్లవారుజామున ఐదింటికే వెళ్లారు. ఆయనతో పాటు నేనూ. వరండాలో అప్పటికే ముప్ఫైమంది ఉన్నారు. ఒకరికి పిల్లాడి సీటు కావాలి, ఒకరికి ఫోను కనెక్షన్, ఒకామెకు భర్త పింఛను కాగితం. పి.ఎ. గారు ఉత్తరం టైపు చేసి ఇచ్చారు. ఆ ఈక్యూ (ఎమర్జెన్సీ కోటా) లెటరు పట్టుకుని మేం రైల్ నిలయానికి నడిచాం. బెర్తు దొరికింది. మా నాన్న ఆ ఎంపీ గారి పేరు చనిపోయేదాకా గౌరవంగా తలుచుకున్నారు. నేను కూడా తలుచుకుంటాను. ఆపదలో ఆదుకున్నవాణ్ణి మరిచిపోతే మనిషే కాదు.

కానీ ఆ వరండాలో మిగిలిన ఇరవైతొమ్మిదిమంది? ఆ రోజు ఇంట్లోంచి బయలుదేరనే లేని వందలమంది? కేంద్రీయ విద్యాలయాల్లో ఎంపీ కోటా సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఒక్కో ఎంపీకి ఏడాదికి పది సీట్లు. ప్రతి వేసవిలో ఆ పది సీట్ల కోసం వందలమంది తల్లిదండ్రులు ఎంపీల ఇళ్ల ముందు నిలబడేవాళ్లు. పదిమంది నవ్వుకుంటూ వెళ్తే మిగిలినవాళ్లు చిన్నబుచ్చుకుని వెళ్లేవాళ్లు. 2022 ఏప్రిల్లో ఆ కోటా తీసేశారు. తీసేసినందుకు చాలామంది ఎంపీలే ఊపిరి పీల్చుకున్నారు. అసలు అడగవలసిన మాట వేరే ఉంది: ఈ నగరానికి ఇంకో కేంద్రీయ విద్యాలయం ఎందుకు రాదు? అది విద్యాశాఖ పద్దులో ఉండే మాట. సిఫార్సు ఉత్తరంతో కదిలేది కాదు.

ఇక నా అసలు విషయానికి వస్తాను.

రాజ్యాంగం 113వ అధికరణం ప్రకారం ప్రభుత్వం తన ఖర్చులను పద్దులుగా లోక్‌సభ ముందు పెట్టి మంజూరు అడగాలి. లోక్‌సభ ఇవ్వవచ్చు, నిరాకరించవచ్చు, తగ్గించవచ్చు. పెంచే అధికారం మాత్రం లేదు. ఆ తగ్గించే అధికారాన్ని వాడే సాధనం కోత తీర్మానం. అది మూడు రకాలు. ప్రభుత్వ విధానమే తప్పనుకుంటే, ఆ పద్దును ఒక్క రూపాయికి తగ్గించమంటారు. దుబారా అనుకుంటే ఇంత మొత్తం తగ్గించమంటారు. మూడోది అన్నిటికంటే గొప్పది, ఎవరూ పట్టించుకోనిది. ఒక నిర్దిష్టమైన ఫిర్యాదును సభ ముందు పెట్టడానికి ఆ పద్దులోంచి 100 రూపాయలు తగ్గించమని అడగవచ్చు.

వంద రూపాయలు! దీని లోతు ఆలోచించండి. రైల్వేకు 2025-26లో కేంద్రం ఇచ్చిన పెట్టుబడి రెండున్నర లక్షల కోట్లు. ఒక సభ్యుడు లేచి, సీతాఫల్‌మండి స్టేషనులో ఒక ముసలమ్మ మెట్లెక్కలేకపోతోంది కాబట్టి ఈ పద్దులో వంద రూపాయలు తగ్గించాలని తీర్మానం ఇచ్చాడనుకోండి. వంద రూపాయల వల్ల రైల్వేకు వచ్చే నష్టం ఏమీ లేదు. కానీ ఆ ముసలమ్మ మెట్ల మాట దేశ ఖజానా లెక్కల్లోకి, సభ రికార్డుల్లోకి ఎక్కుతుంది. ప్రజల బాధ వినకుండా ప్రజల డబ్బు ఇవ్వం అనే సూత్రం అది. నిజాం కాలంలో మన పెద్దలు అర్జీ పట్టుకుని వెళ్లి దేవిడీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. వినడం, వినకపోవడం దొరవారి దయ. అర్జీ పక్కనే ఖజానా తాళంచెవి కూడా పెట్టింది రాజ్యాంగం. మా మాట విను, అప్పుడు సొమ్ము తీసుకో అనే హక్కు ఇచ్చింది. ఆ హక్కును మన తరఫున వాడవలసినవాడే పార్లమెంటు సభ్యుడు.

మరి ఏం జరుగుతోంది? బడ్జెట్టు సమావేశాల్లో కొన్ని శాఖల పద్దుల మీదే చర్చ జరుగుతుంది. గడువు రాగానే మిగిలినవన్నీ ఒక్కసారిగా ఓటుకు పెట్టి ముగిస్తారు. దానికి గిలెటిన్ అని పేరు. 2018 మార్చిలో అన్ని శాఖల పద్దులూ చర్చ లేకుండానే ఆమోదం పొందాయి. 2023 మార్చిలో 45 లక్షల కోట్ల బడ్జెట్టు కూడా అలాగే చర్చ లేకుండా దాటిపోయింది. గొడవ చేసిందెవరు, చేయించిందెవరు అని పార్టీలు ఒకరినొకరు వేలెత్తి చూపించుకుంటాయి. నాకు ఆ వాదనతో పని లేదు. ఆ రోజుల్లో ఏ ముసలమ్మ మెట్ల మాటా లెక్కల్లోకి ఎక్కలేదన్నదే నా బాధ.

1993 గురించి మళ్లీ ఒక మాట. పి.వి. గారి హయాంలో ఆ ఏడాది రెండు పుట్టాయి. ఏప్రిల్లో శాఖల వారీ స్థాయీ సంఘాలు పని మొదలుపెట్టాయి. డిసెంబరులో ఎంపీ నిధి వచ్చింది. సంఘాలు అప్పుడు 17, 2004లో 24 అయ్యాయి. ఒక్కో దానిలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది ఉంటారు. సభలో గిలెటిన్ కింద పడిన పద్దును కూడా ఈ సంఘాలు ముందే విప్పి చూస్తాయి, కార్యదర్శులను పిలిచి అడుగుతాయి, నివేదిక ఇస్తాయి. ఒకే ఏడాది పుట్టిన ఈ ఇద్దరు తోబుట్టువుల్లో ఒకరి పేరు ప్రతి బస్తీ గోడ మీదా ఉంది. రెండోవారి పేరు ఈ సభలో ఎంతమందికి తెలుసో మీ మనసులకే వదిలేస్తున్నాను. తన ఎంపీ ఏ స్థాయీ సంఘంలో ఉన్నాడో తెలిసిన ఓటరు నాకు ఇంతవరకు కనిపించలేదు.

మన సికిందరాబాదుకు ప్రత్యేకంగా ఇంకో సంగతి ఉంది. ఈ స్థానం నుంచి గెలిచినవాళ్లలో చాలామంది కేంద్ర మంత్రులయ్యారు. శివశంకర్ గారు, అంజయ్య గారు, దత్తాత్రేయ గారు, ఇప్పుడు కిషన్ రెడ్డి గారు. అది గౌరవమే, అందువల్ల ఊరికి మేలూ జరిగింది. కానీ మంత్రి అయినవాడు సభలో ప్రశ్న వేయడు, జీరో అవర్‌లో లేవడు, కోత తీర్మానం ఇవ్వడు. జవాబు చెప్పే వైపు కూర్చుంటాడు. అలాంటప్పుడు ఊరి ఫిర్యాదు పద్ధతిగా ఆయన బల్ల మీదికి చేరే ఏర్పాటు మనమే చేసుకోవాలి. ఆయన ఊరికి వచ్చినప్పుడు దండలు వేసి ఫొటోలు దిగితే సరిపోదు.

శాసనం, పద్దు మంచి మనసుతో కదిలితే ఎంత మేలు జరుగుతుందో చెప్పడానికి అంజయ్య గారి శాఖనే తీసుకుంటాను. ఆయన తర్వాత మూడు దశాబ్దాలకు అదే నియోజకవర్గం నుంచి వచ్చిన బండారు దత్తాత్రేయ గారు అదే కార్మిక శాఖ చూశారు. పార్టీలు వేరు, సిద్ధాంతాలు వేరు. ఆయన ఉండగా 2017 జనవరి నుంచి కార్మికుల బీమా పథకం ఈఎస్ఐలో చేరే వేతన పరిమితి 15 వేల నుంచి 21 వేలకు పెరిగింది. అదే ఏడాది ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలైంది. 2016లో సనత్‌నగర్‌లో ఈఎస్ఐ వైద్య కళాశాల మొదలైంది. ఆల్విన్ యంత్రాలు మోగిన ప్రాంతమే అది. ఆ వైద్య కళాశాల ఏ ఎంపీ నిధితోనూ వచ్చేది కాదు. సిఫార్సు ఉత్తరం ఒక తల్లికి సెలవు ఇప్పించగలదేమో. చట్టం దేశంలోని లక్షలమంది తల్లులకు ఇచ్చింది. వాళ్లెవరూ ఏ వరండాలోనూ నిలబడలేదు.

ఇంకో దగ్గరి ఉదాహరణ చెప్పి ముగింపుకు వస్తాను. చిన్నప్పుడు తుకారాంగేట్ దగ్గర రైలు గేటు పడితే మేం పుస్తకాల సంచి ముందు అవతలికి తోసి, వంగి, కడ్డీ కింద నుంచి దూరేవాళ్లం. పెద్దవాళ్లు సైకిళ్లు అడ్డంగా వంచి తోసేవారు. ఒకసారి గేటు ఇవతల ఆటోలో పురిటి నొప్పులు పడుతున్న ఆడమనిషి, గేటు అవతల తీరుబడిగా కదిలే గూడ్సు. వ్యాగన్లు లెక్కపెడుతూ నిలబడ్డ ఆమె భర్త ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. ఆ గేటు దగ్గర రైలు కింది వంతెన కావాలని జనం ఏళ్ల తరబడి అడిగారు. 2022 మార్చిలో అది తెరుచుకుంది. ఇలాంటి పనిలో పట్టాల కింది భాగం రైల్వేది, రెండువైపుల దారులు, భూసేకరణ స్థానిక సంస్థవి. రెండు ఖజానాలు కలిస్తేనే ఒక దారి. కార్పొరేటరు, ఎమ్మెల్యే, ఎంపీ, రైల్వే అధికారి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టాలి. వాళ్లను ఆ కాగితం దగ్గరికి తెచ్చేది జనం పట్టుదల ఒక్కటే.

జనం పట్టుదల అన్నాను కాబట్టి మన వంతు కూడా చెప్పాలి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో సికిందరాబాదులో సగంమంది కూడా ఓటు వేయలేదు. 2019లోనూ అంతే. ఓటే వేయనివాళ్లం వంద రూపాయల కోత ఎవరిని అడుగుతాం? ఎంపీ వచ్చినప్పుడు మనం అడిగేవి రెండే: ఫండ్స్ ఎంత, మా వాడి పని ఏమైంది. అడిగిందే ఇస్తారు ఎవరైనా. కాబట్టి అడిగే మాట మార్చుకుందాం. ఈ ఏడాది ఎన్ని ప్రశ్నలు వేశారు, ఏ స్థాయీ సంఘంలో ఉన్నారు, మన రైల్వే స్టేషన్ల గురించి, మన ఈఎస్ఐ ఆసుపత్రుల గురించి ఏ పద్దు మీద మాట్లాడారు, ఆ హాలుకు కరెంటు బిల్లు ఎవరు కట్టే ఏర్పాటు చేశారు అని అడుగుదాం. ఈ ప్రశ్నలు ఏ పార్టీకీ వ్యతిరేకం కావు. ఎవరు గెలిచినా ఇవే అడగాలి.

రాజ్యాంగంలో 350వ అధికరణం అని ఒకటుంది. తన బాధ తీర్చమని ఏ పౌరుడైనా కేంద్ర ప్రభుత్వ అధికారికి ఈ దేశంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం రాసుకోవచ్చని అది చెబుతుంది. ఇంగ్లిషు రాదని, హిందీ రాదని ఆగిపోనక్కరలేదు. కిరాణా దుకాణం అమ్మ నాతో అన్న ఆ మాట తెలుగులో రాసిస్తే అది రాజ్యాంగబద్ధమైన విన్నపమే.

మీ అందరికీ నా మనవి ఇది. బడ్జెట్టు సమావేశాలు జనవరి నెలాఖరులో మొదలవుతాయి. ఈలోగా మీ వీధి సమస్య ఒకటి ఎంచుకోండి. అది ఏ శాఖ పద్దు కిందికి వస్తుందో తెలుసుకోండి. తెలియకపోతే పక్కన చదువుకున్న పిల్లల్ని అడగండి. ఒక కాగితం మీద తెలుగులో రాయండి. నలుగురి చేత సంతకాలు చేయించి ఎంపీ గారి కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు దాచుకోండి. సమావేశాలు అయ్యాక ఆ కాగితం ఏమైందో వెళ్లి అడగండి.

ఆరణాల కూలీ పార్లమెంటులో కూర్చుని వెళ్లిన ఊరు మనది. మన కాగితం కూడా అక్కడికి చేరాలి.